నీడ కావాలా, కరెంటు కావాలా? ట్రైలర్‌లో పదకొండు రాత్రులు

కారు వెనక తగిలించుకుని తీసుకెళ్లే ఇల్లులాంటి ట్రైలర్ మాది. మొదటి మకాం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లన్నీ ఉన్న క్యాంపు. వెళ్లాం, ప్లగ్గు పెట్టాం, ఏసీ వేసుకుని పడుకున్నాం. పక్క ట్రైలర్‌లో టీవీ వార్తలు మా మంచం దాకా స్పష్టంగా వినిపించాయి. రెండు రాత్రులకే ఎప్పుడు బయల్దేరదామా అనిపించింది. ఇలాంటి చోట్లే ఉండేట్టయితే పైకప్పు మీద 400 వాట్ల సోలారూ, మంచం కింద లిథియం బ్యాటరీలూ దండగ. వాటి పస తేలింది ఆ తర్వాతి మకాముల్లోనే.

అసలు వాటిని ఎందుకు పెట్టించానో చెప్పాలి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, కలిపి 200 ఆంపియర్-అవర్లు. కాగితం మీద అంత ఉన్నా సగానికి మించి వాడితే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. చలి రాత్రి హీటర్ ఫ్యాన్ నాలుగు గంటలు తిరిగితే చాలు, నాకు నిద్ర పట్టేది కాదు. వాటి స్థానంలో అంతే కెపాసిటీ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు వచ్చాయి. 12.8 వోల్టుల లెక్కన 2,560 వాట్-అవర్లు, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. బరువు చూస్తే పాతవాటిలో సగం కూడా లేదు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ గ్యాస్ వదలవు కాబట్టి ట్రైలర్ లోపలే పెట్టుకోవచ్చు. అందుకే ముందు కొసన ఉండే పెట్టెలోంచి మంచం కిందకు మార్చాను. దానితో హిచ్, అంటే ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం, మీద పడే బరువు తగ్గింది. అది మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, లేకపోతే రోడ్డు మీద తోక ఊపుతుంది. పనిముట్ల పెట్టెను ముందుకు జరిపి ఆ లోటు సరిచేశాను.

ప్యానెళ్లు నేనే బిగించాను. కప్పుకు రంధ్రం పెట్టాలంటే ఎవరికైనా గుండె దడే. వైర్లను ఫ్రిజ్ వెనకాల గాలి గొట్టంలోంచి లోపలికి దింపితే ఆ ఒక్క పెద్ద రంధ్రం తప్పింది. ప్యానెళ్లను నిలిపే కాళ్ల స్క్రూల మీద మాత్రం దానంతటదే పరుచుకునే సీలెంట్ బాగా పోశాను. లావు కేబుళ్ల పని నా వల్ల కాదనిపించి ఒక షాపుకు ఇచ్చాను. 12 వోల్టుల మీద 2,000 వాట్ల ఇన్వర్టర్ పూర్తిగా పనిచేస్తే బ్యాటరీలోంచి 170 ఆంపులు పైనే లాగుతుంది. కేబుల్ వేలంత లావుండాలి, ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి. ఇవి రెండూ వాళ్లు చక్కగా చేశారు. చేయనిదేమిటో రెండో మకాంలో తెలిసింది.

ఆ మకాం అడవిలో. ఏ కనెక్షనూ లేదు, పక్కన మనిషీ లేడు. చుట్టూ పెద్ద పెద్ద చెట్లు. మొత్తం ప్రయాణంలో మనసుకు నచ్చిన చోటు అదే. కానీ మధ్యాహ్నం పన్నెండింటికి, ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి పంపే కంట్రోలర్‌లో చూస్తే 400 వాట్ల ప్యానెళ్ల నుంచి వస్తున్నది 38 వాట్లు! "బండి కొంచెం ఎండలోకి జరుపుదామా?" అన్నాను. "ఎండలో కూర్చోవడానికి ఇంత దూరం రావాలా అండీ?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

ఒక రోజున్నర గడిచింది. పొద్దున్నే కెటిల్ పెట్టగానే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. బ్యాటరీ మానిటర్ చూస్తే 48 శాతం ఉందంటుంది. వోల్టు మీటర్ పెడితే 11.9. లిథియం వోల్టేజీ చాలాసేపు 13 దగ్గరే నిలకడగా ఉండి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. 11.9 అంటే అడుగంటినట్టే. మరి 48 ఎక్కడిది?

మంచం ఎత్తి, టార్చి నోట్లో పెట్టుకుని వైర్ల వెంట వేలు పోనిస్తూ చూశాను. నెగటివ్ వైర్లన్నీ ముందు షంట్ అనే లోహపు పలకకు వచ్చి, అక్కడినుంచి ఒకే కేబుల్ బ్యాటరీకి వెళ్లాలి. దాని గుండా పోయే కరెంటునే మానిటర్ లెక్కపెడుతుంది. ఇన్వర్టర్ నల్ల కేబుల్ మాత్రం షంట్‌ను దాటేసి నేరుగా బ్యాటరీ బోల్టుకే బిగించి ఉంది. అంటే కెటిల్, మైక్రోవేవ్, ల్యాప్‌టాప్‌లు తిన్నదేదీ లెక్కలోకి రాలేదు. దానికి తోడు ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా ఇన్వర్టర్ కొంత తింటూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఆపి, ఫ్యూజు తీసి, ఒక స్పానర్‌తో పావుగంటలో కేబుల్ మార్చేశాను. డబ్బు తీసుకుని చేసిన పనిలో ఇంత చిన్న తప్పు ఎలా వదిలారన్నదే నా బాధ. షాపులో చేయిస్తే బండి తీసుకునే ముందు ఆ ఒక్క బోల్టు చూసుకోండి.

ఆ రోజు గట్టెక్కించింది కారు. కారు ఇంజిన్ కరెంటుతో ట్రైలర్ బ్యాటరీని నింపే డీసీ-డీసీ ఛార్జర్ 30 ఆంపులిస్తుంది. రెండు గంటలు ఇంజిన్ నడిపితే సుమారు 60 ఆంపియర్-అవర్లు ఎక్కాయి. ఆ ఛార్జర్ అనవసరపు ఖర్చనుకున్నాను మొదట్లో. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది. నేరుగా కలిపితే కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది.

మూడో మకాం చెరువు గట్టున, చెట్టన్నది లేని మైదానం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బ్యాటరీ 100 శాతం. ట్రైలర్ లోపల మాత్రం పొయ్యి మీద పెట్టినట్టు ఉంది. ఏసీ వేద్దామంటే 1,400 వాట్లు. నిండు బ్యాటరీ కూడా రెండు గంటలు రాదు. వేడెక్కిన ప్యానెళ్లూ తక్కువే ఇస్తాయి, నేను చూసిన గరిష్ఠం 320 వాట్లు. రెండో రాత్రికే సర్దేశాం.

చివరి నాలుగు రాత్రులు కొండ మీద. పొద్దున బయట మైనస్ 4 డిగ్రీలు, మంచం కింద 7. పక్కన దిగిన పెద్దాయన బ్యాటరీలు ఇంకా ముందు పెట్టెలోనే ఉన్నాయి. ఆయన లైట్లు వెలుగుతున్నాయి కానీ ఎండ వచ్చినా ఛార్జింగ్ ఎక్కడం లేదు. "బ్యాటరీ పోయిందంటారా?" అని టెన్షన్ పడుతూ వచ్చాడు. పోలేదు. సున్నా డిగ్రీల కంటే కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుపోయి సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది, అందుకే బ్యాటరీని కాపాడే లోపలి బీఎంఎస్ బోర్డు ఛార్జింగ్ ఆపేస్తుంది, వాడకానికి మాత్రం అడ్డు చెప్పదు. పదిన్నరకు పెట్టె వేడెక్కాక ఎక్కడం మొదలైంది. ఆయన ముఖం అప్పుడు చూడాలి.

నా ప్యానెళ్ల మీద పేరుకున్న మంచును మెత్తటి చీపురుతో తుడిచేవాణ్ణి. ఎండ వైపు వాల్చడానికి వీల్లేని ప్యానెళ్లు కాబట్టి ఏటవాలు ఎండ సగమే అందింది, అయినా రోజు గడిచింది.

వచ్చాక మడత పెట్టే 200 వాట్ల ప్యానెల్ ఒకటి, పది మీటర్ల వైరు కొన్నాను. బండి నీడలో, ప్యానెల్ ఎండలో. దానికి వేరే కంట్రోలర్ పెట్టాను, కప్పు ప్యానెళ్ల మీద పడే నీడ వల్ల దీని కరెంటు కూడా తగ్గిపోకుండా. ఇప్పుడు చోటు వెతికేటప్పుడు ముందు చూసేది చెట్లు ఏ వైపున్నాయో. తూర్పు ఖాళీగా, పడమట చెట్లుంటే మా ఇద్దరికీ పేచీ లేదు. ఆ అడవికి మళ్లీ వెళ్తున్నాం, ఈసారి ఐదు రాత్రులకు.