కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్: పాత మిక్సా, 2009 మిక్సా?

ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’ నా దగ్గర రెండు రూపాల్లో ఉంది. ఒకటి 1969 నాటి అసలు మిక్స్. రెండోది 2009లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్, బ్యాండ్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ కలిసి చేసిన రీమిక్స్. ఏళ్ల తరబడి రెండూ మార్చి మార్చి వింటున్నాను. ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను. ఉన్నవి ఐదే పాటలు, కానీ పాటకో తీర్పు. రెండో పాట, మూడో పాట రీమిక్స్‌లోనే వింటాను. మొదటిది మాత్రం పాతదే కావాలి. నాలుగో పాట దగ్గరికొస్తే రీమిక్స్ మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

ఇక్కడ రీమిక్స్ అంటే పాటకు కొత్త బీట్ తగిలించడం కాదు. అలాగని రీమాస్టర్ కూడా కాదు. రీమాస్టర్ చేసేవాళ్ల చేతిలో ఉండేది అప్పటికే కుడి, ఎడమ చానెళ్లుగా కలిపేసిన టేపు. బేస్ కాస్త పెంచొచ్చు, ట్రెబుల్ కాస్త సర్దొచ్చు, మొత్తం వాల్యూమ్ మార్చొచ్చు. అంతకుమించి, ఒక్క గొంతునే ముందుకు తేవాలన్నా ఒక్క డ్రమ్స్‌నే తగ్గించాలన్నా కుదరదు. రీమిక్స్‌కి ఇంకా వెనక్కి వెళ్లాలి. స్టూడియోలో విడివిడిగా రికార్డయిన ట్రాకులు బయటికి తీసి, మొదటినుంచి మళ్లీ కలపాలి.

ఈ ఆల్బమ్‌కి ఆ అవసరం నిజంగానే ఉంది. 1969 వేసవిలో లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో దీన్ని ఎనిమిది ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. అంతకుముందు బయటి నిర్మాతతో మొదలుపెట్టిన పని కుదరకపోవడంతో నిర్మాణం కూడా బ్యాండే నెత్తినేసుకుంది. డ్రమ్స్, బేస్, గిటార్లు, గొంతులు, ఫ్లూట్, శాక్సోఫోన్, వాటి మీద పొరలు పొరలుగా మెలోట్రాన్ అనే కీబోర్డు. ఎనిమిది ట్రాకులు ఏ మూలకి? అందుకని నిండిన ట్రాకులను కలిపి ఇంకో టేపు మీదకి దించుకుని, అక్కడ మిగిలిన ట్రాకుల్లో కొత్త వాయిద్యాలు ఎక్కించారు. ఇలా దించిన ప్రతిసారీ టేపు రొద కొంచెం పెరుగుతుంది, సింబల్స్ పదును కొంచెం తగ్గుతుంది. ఇది చాలదన్నట్టు, పూర్తయిన స్టీరియో మాస్టర్ టేపే చాలా ఏళ్లు కనిపించకుండా పోయింది. అన్నేళ్లూ కాపీల నుంచి తీసిన కాపీలతోనే సరిపెట్టుకున్నారు. చివరికి అది దొరికాక 2004లో సీడీ తెచ్చారు. అసలు మిక్స్ అని నేనంటున్నది దాన్నే. 2009 నాటికి, అలా కలిపి దించకముందటి తొలి టేపులు కూడా చేతికొచ్చాయి. వాటిని కంప్యూటర్లో ఒకదాంతో ఒకటి కలిసేలా పేర్చుకుని, మధ్యలో ఉన్న కాపీ మెట్టునే తీసేసి మిక్స్ చేశారు.

పోల్చి వినాలనుకునేవాళ్లు ముందు రెండిటి వాల్యూమూ సమానం చేసుకోవాలి. డెసిబెల్ తేడా ఉన్నా చాలు, గట్టిగా మోగేదే బాగుందని చెవి నమ్మేస్తుంది. ‘రీమిక్స్ అదిరింది’ అనే మాటల్లో సగం ఈ బాపతువేనని నా అనుమానం. నేనైతే ‘ఎపిటాఫ్’లో గొంతు నెమ్మదిగా సాగే చోటు పెట్టుకుని రెండిటినీ సర్దుకుంటాను. ఆ తర్వాత నాబ్ ముట్టుకోను.

‘ఎపిటాఫ్’తోనే మొదలుపెడతాను, ఎందుకంటే రీమిక్స్ పూర్తిగా గెలిచింది ఇక్కడే. ఈ పాటకు ప్రాణం మెలోట్రాన్. అది చూడ్డానికి కీబోర్డే, కానీ ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మీట నొక్కితే ముందే రికార్డు చేసిపెట్టిన వయొలిన్ల స్వరం మోగుతుంది. ఎనిమిది సెకన్లయ్యేసరికి ఆ టేపు అయిపోతుంది, వేలు తీసి మళ్లీ నొక్కాల్సిందే. అంటే టేపులోంచి వచ్చిన శబ్దాన్ని టేపు మీద రికార్డు చేసి, దాన్ని మళ్లీ ఇంకో టేపు మీదకి దించారన్నమాట. పాత మిక్స్‌లో అదంతా ఒకే ముద్దగా, పాట వెనకాల ఎక్కడో నిలబడి ఉంటుంది. రీమిక్స్‌లో ఆ ముద్ద విడిపోయింది. స్వరం అందుకునేటప్పుడు టేపు పడే చిన్న తడబాటు, పట్టి ఉంచిన స్వరంలో సన్నని ఊగిసలాట, ఒక మీట నుంచి ఇంకో మీటకి మారేటప్పటి అతుకు, అన్నీ చెవికి తగులుతాయి. ఇంతకాలం స్టూడియో కాపీల వల్ల వచ్చిన మరక అనుకునే వణుకులో కొంత ఆ వాయిద్యానిదేనని అప్పుడు తెలుస్తుంది. దాని కింద మునిగిపోయిన అకూస్టిక్ గిటార్ తీగల చప్పుడు కూడా పైకి తేలింది. గాయకుడు గ్రెగ్ లేక్ గొంతు చుట్టూ గాలి ఆడుతోంది. చివర్లో అన్నీ కలిసి ఉప్పొంగే చోట పాత మిక్స్ ఇరుకున పడి ఉక్కిరిబిక్కిరవుతుంది, కొత్తదానికి ఇంకా చోటు మిగిలే ఉంటుంది.

‘ఐ టాక్ టు ద విండ్’ సంగతీ ఇంతే. ఇది మెత్తని పాట, ఇయాన్ మెక్‌డొనాల్డ్ ఫ్లూట్ కోసమే వినేవాళ్లున్నారు. నేను మాత్రం రీమిక్స్‌లో మైకేల్ జైల్స్ డ్రమ్స్ కోసం వింటాను. ఇంత నెమ్మది పాటలో ఆయన ఒక్క వరసను కూడా ఉన్నదున్నట్టు రెండోసారి వాయించడు. పుల్లతో అలా తాకీ తాకనట్టు వేసే దెబ్బలు పాత మిక్స్‌లో సగం పోయాయి.

ఇక మొదటి పాట, ‘ట్వంటీఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్’. రీమిక్స్‌లో బేస్ గట్టిపడింది, కుడి, ఎడమ రెండు వైపులా ఏం జరుగుతోందో విడమరిచి వినిపిస్తుంది. మధ్యలో గిటార్, శాక్సోఫోన్, బేస్, డ్రమ్స్ నలుగురూ ఒక్కసారిగా ఆగి, ఒక్కసారిగా దూకే చోటుంది కదా. అక్కడ కొత్త మిక్స్‌లో స్వరాల మధ్య నిశ్శబ్దం శుభ్రంగా ఉంటుంది. ప్రతి ఆగడమూ కత్తితో కోసినట్టుంటుంది. ఒప్పుకోవాల్సిందే, ఆ కాసేపూ రీమిక్స్‌దే పైచేయి.

కానీ ఈ పాట అంటే ఆ కాసేపు కాదు. ఇందులో లేక్ గొంతును కావాలనే చెడగొట్టారు. పగిలిన స్పీకర్లోంచి ఎవరో అరుస్తున్నట్టుండాలని చేసిన పని అది. మామూలుగా ఇలాంటి హంగుల్లో కొన్ని మిక్స్ చేసే సమయంలోనే కలుస్తాయి. విడి ట్రాకుల మీద అవి ఉండవు కాబట్టి, రీమిక్స్ చేసేవాళ్లు ఇప్పటి పరికరాలతో మళ్లీ తయారు చేసుకోవాలి. ఇక్కడ ఏది పాతది, ఏది కొత్తగా చేసిందన్న లెక్క పక్కన పెట్టి నా చెవికి తోచింది చెబుతాను: కొత్త మిక్స్‌లో ఆ అరుపు మర్యాద నేర్చుకుంది. వాయిద్యాలన్నీ విడివిడిగా, ఎవరి చోట వాళ్లు నిలబడేసరికి వాళ్లను చూసి ముచ్చటపడతాం తప్ప జడుసుకోం. పాత మిక్స్‌లో గిటారూ శాక్సోఫోనూ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ మీద పడతాయి. 1969 జులైలో లండన్ హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు ఈ పాట వాయిస్తే, ఈ కుర్రాళ్లెవరో తెలియని జనం బిత్తరపోయి ఉంటారు. ఆ తాకిడి కావాలంటే పాతదే వినాలి. కాపీల వల్ల చేరిన మురికిని కడిగితే సంతోషమే. బ్యాండ్ కోరి పూసుకున్న మురికి జోలికి మాత్రం వెళ్లకూడదు.

నాలుగోది ‘మూన్‌చైల్డ్’. పాట అనదగ్గది మొదటి రెండున్నర నిమిషాలే. మిగతాదంతా గిటార్, వైబ్రఫోన్, డ్రమ్స్ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే గుసగుస. అసలు మిక్స్‌లో మొత్తం పన్నెండు నిమిషాలు. 2009లో ఫ్రిప్ దాన్ని కత్తిరించి తొమ్మిది నిమిషాలకు తెచ్చాడు. ఆ భాగం సాగతీత అనేవాళ్లతో నాకు పేచీ లేదు. నేనూ చాలాసార్లు ముందుకు జరిపేశాను. అయితే జరుపుకోవడమా మానడమా అన్నది వినేవాడు చూసుకోవాలి. పైగా ఆ గుసగుస అంతసేపు సాగి, చెవి దానికి అలవాటు పడిపోయాకే టైటిల్ పాట మెలోట్రాన్‌తో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ముందరి ఓపిక తగ్గిస్తే ఆ పడడంలో ఊపు కూడా తగ్గుతుంది. పూర్తి నిడివి మూన్‌చైల్డ్‌ను బోనస్‌గా చివర్లో పెట్టారు, నిజమే. కానీ దాని చోటు అది కాదు.

టైటిల్ పాటలో రెండిటికీ సమానంగా మార్కులేస్తాను. కొత్తదాంట్లో వెనక కోరస్ గొంతులు విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. వాటిని లెక్కపెట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. పాట అయిపోయినట్టే అయిపోయి, చిన్న ఆర్గన్ ముక్క తర్వాత మళ్లీ లేచే చోట మాత్రం రెండు మిక్సుల్లోనూ అదే ఉలికిపాటు.

ఈ తేడాలు ఫోన్ స్పీకర్లో ఏమీ తెలియవు. ఓ మాదిరి హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు, ఖరీదైనవేం అక్కర్లేదు. విల్సన్ 2019లో, ఆల్బమ్‌కి యాభై ఏళ్లు నిండినప్పుడు, మళ్లీ కొత్త మిక్సులు చేశాడు. నేను చాలాకాలం కాపురం చేసింది 2009 దాంతో కనుక దాని గురించే రాశాను. చుట్టూ స్పీకర్లు పెట్టుకుని వినే 5.1 మిక్స్ జోలికీ పోలేదు. అట్ట మీద నోరు తెరిచిన ఆ ఎర్రమొహాన్ని ఇంతవరకూ ఎవరూ రీమిక్స్ చేయలేదు, అదొక్కటి నయం.

కొనేవాళ్లకు నా మాట: 2009లో వచ్చిన రెండు సీడీల సెట్ చూడండి, అందులో రీమిక్స్‌తో పాటు 2004 నాటి అసలు మిక్సూ ఉంది. ఆల్బమ్ ఎప్పుడూ విననివాళ్లు అసలు మిక్స్ పెట్టుకుని, మూన్‌చైల్డ్‌ను జరపకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన వినండి. రీమిక్స్ ఆ తర్వాత. బోనస్‌ల్లో ‘ఐ టాక్ టు ద విండ్’ ఫ్లూట్, గిటార్ జోడీగా ఉన్నది ముచ్చటగా ఉంటుంది. తొలి పాటకు ముందొచ్చే గాలి శబ్దం రికార్డు చేసిన సెషన్ కూడా ఇచ్చారు, నాలుగు నిమిషాల పైచిలుకు. ఒకసారి విన్నాను, ఇంక చాలు.