ఐదో సబ్జెక్టు: ఫిజికల్ ఎడ్యుకేషనా, ఇన్ఫర్మేటిక్స్ ప్రాక్టీసెస్సా?

విశాఖలో సీబీఎస్ఈ ప్లస్ వన్‌లో చేరే పిల్లలకు తరచూ వచ్చే సందేహం ఇది. రెండింటికీ థియరీ 70, ప్రాక్టికల్ 30 మార్కులే.

ఫిజికల్ ఎడ్యుకేషన్ అంటే ఆటల పీరియడ్ అనుకుంటే మోసపోతారు. పన్నెండులో పోషకాహారం, గాయాలు, బయోమెకానిక్స్, మనస్తత్వం అన్నీ చదవాలి. మార్కులు పోయేది ఎక్కువగా ఫిక్స్చర్ దగ్గర, అంటే ఏ జట్టు ఎవరితో ఆడాలో చూపే పటం గీసే చోట. 19 జట్ల నాకౌట్ (ఓడిన జట్టు ఇంటికే) తీసుకోండి: మ్యాచ్‌లు 18. 2, 4, 8, 16, 32 వరుసలో 19 దాటాక వచ్చేది 32 కాబట్టి బైలు (తొలి రౌండ్ ఆడకుండానే ముందుకెళ్లే అవకాశాలు) 32-19, అంటే 13. పై సగంలో 10 జట్లు, 6 బైలు. కింది సగంలో 9 జట్లు, 7 బైలు. చాలామంది బైల లెక్క సరిగ్గానే వేసి, సగాలు తారుమారు చేస్తారు. తొలి రౌండ్ తర్వాత చెరో 8 జట్లు మిగిలితేనే పటం సరైనది.

ప్రాక్టికల్‌లో ఫిట్‌నెస్ పరీక్ష, ఒక ఆటలో నైపుణ్యం, యోగాసనాలు, రికార్డు, వైవా ఉంటాయి. 600 మీటర్ల పరుగు ఆర్కే బీచ్ ఇసుకలో సాధన చేసి టైమింగ్ చూసుకోవద్దు. ఇసుకలో కాలు కూరుకుపోయి అసలు వేగం తెలియదు. గట్టి నేల మీదే, తెల్లవారగానే పరుగెత్తండి. ఎండెక్కాక ఇక్కడి ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

ఇన్ఫర్మేటిక్స్‌లో పాండాస్‌కు (పైథాన్‌లో డేటాను విశ్లేషించే సాధనం) 25, ఎస్‌క్యూఎల్‌కు (డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష) 25 మార్కులు. రోజూ కంప్యూటర్ ముందు కూర్చోకపోతే లాభం లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉండి కామర్స్ చదివేవారికి మా ఓటు దీనికే. రోజూ మైదానానికి వెళ్లేవారికి మొదటిదే నయం. అయితే వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు బీపీఈడీలో చేరేది డిగ్రీ పూర్తయ్యాకేనని గుర్తుంచుకోండి.