అరెనా మెహికోనా, అరెనా కొలిసేయోనా?

మెక్సికో నగరంలో ఒక్క సాయంత్రమే ఉంది, ముసుగుల కుస్తీ లూచా లిబ్రే చూడాలి. ఈ రెండు కుస్తీ శాలల్లో ఎక్కడికి వెళ్లాలి?

వయసు: 1933లో కుస్తీ సంస్థ పెట్టిన సాల్వడోర్ లుతెరోత్ 1943లో కొలిసేయోను తెరిచాడు. అది జనానికి చాలక 1956లో మెహికో వచ్చింది.

పరిమాణం: మెహికోలో సుమారు పదహారు వేల మంది పడతారు. కొలిసేయో గరాటులా ఉంటుంది. పై వరుసలో కూర్చున్నా మల్లుడి వీపు నేలకు తగిలిన చప్పుడు వినిపిస్తుంది. నాకు అదే ఇష్టం.

ఖర్చు: మెహికోలో బరి పక్క సీటుకు ఎక్కువ పెట్టాలి. కొలిసేయోలో సాధారణంగా తక్కువలోనే దగ్గరి సీటు దొరుకుతుంది.

శ్రమ: కొలిసేయో పాత నగరంలోనే ఉంది, ప్రధాన కూడలి నుంచి నడిచి వెళ్లవచ్చు. మెహికోకు మెట్రో ఎక్కాలి. ఆట ముగిసేసరికి బాగా చీకటి పడుతుంది, రెండు చోట్ల నుంచీ టాక్సీలోనే తిరిగి రండి.

ఇక మనసు సంగతి. 1952 నవంబరులో ఎల్ సాంతో, బ్లాక్ షాడో అనే ఇద్దరు మల్లులు తమ ముసుగులను పందెం కాసి తలపడింది కొలిసేయోలోనే. ఓడినవాడు ముఖం చూపించాలి, అసలు పేరు చెప్పాలి; ఆ ముసుగును మళ్లీ తొడుక్కోకూడదు. ఆ రాత్రి ముఖం చూపించింది బ్లాక్ షాడో. ఆ బరిని చూస్తే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

పిల్లలతో, మొదటిసారి, పెద్ద తారల కోసమైతే శుక్రవారం మెహికో. పాత కుస్తీ వాసన కావాలంటే శనివారం కొలిసేయో.