దేశం పేరు పుట్టుక వెతకడానికి డీడబ్ల్యూడీఎస్

బెర్లిన్-బ్రాండెన్‌బర్గ్ సైన్స్ అకాడమీ నడిపే ఈ జర్మన్ ఆన్‌లైన్ నిఘంటువు ఉచితం, లాగిన్ అక్కర్లేదు. అయితే ఇందులోని వ్యుత్పత్తి విభాగం మామూలు మాటల కోసం, దేశాల పేర్ల కోసం కాదు. అందుకే జర్మనీ సొంత పేరు ‘డాయిచ్‌లాండ్’ అని కొట్టి నిరాశపడకండి. పేరును విడగొట్టి ‘డాయిచ్’ వెతకండి, ‘ఎటిమొలొగీ’ (వ్యుత్పత్తి) అన్న భాగం తెరవండి. ప్రాచీన రూపం ‘దియుతిస్క్’, అంటే జనానిది. లాటిన్ కాకుండా జనం మాట్లాడే భాషకే ముందు ఆ పేరు. లాటిన్ వేషంలో ‘థియోదిస్కుస్’గా 786లోనే రాతకెక్కింది. దేశానికి అంటుకున్నది చాలా తర్వాత.

ఆస్ట్రియా సొంత పేరు ‘ఓస్టరైష్’కూ ఇదే పద్ధతి. ‘ఓస్ట్’ తూర్పు, ‘రైష్’ రాజ్యం. రెండూ విడివిడిగా చూడాలి. 996లో మూడో ఒట్టో చక్రవర్తి ఇచ్చిన దానపత్రంలో ఇది ‘ఒస్తర్రీకి’. ఆస్ట్రేలియాతో చుట్టరికం కలపడం మామూలు పొరపాటు. ఆస్ట్రేలియా పేరు లాటిన్‌లో దక్షిణం అనే ‘ఆస్టర్’ నుంచి వచ్చింది. ‘ఆస్ట్రియా’ జర్మానిక్ తూర్పుకు లాటిన్ తొడుగు.

చిక్కల్లా ఈ నిఘంటువు వాడే సంక్షిప్తాలతోనే. ‘ఏహెచ్‌డీ’ అంటే సుమారు 1050 దాకా ఉన్న జర్మన్, ‘ఎమ్‌హెచ్‌డీ’ ఆ తర్వాతిది. మాట ముందు నక్షత్రం గుర్తుంటే అది ఎక్కడా రాతలో దొరకని, పండితులు ఊహించి కట్టిన రూపం. దాన్ని ఆధారంగా చూపకూడదు. వివరణంతా జర్మన్‌లోనే. యంత్రానువాదానికి ఇస్తే పాత రూపాలను కూడా అనువదించి పాడుచేస్తుంది, మూలం పక్కనే తెరిచి ఉంచుకోండి.