విజయనగరంలో పాత మండువా ఇంట్లో దిగేముందు గోడ చూడండి

విజయనగరం పాత ఊరు చూడటానికి ఒక పూట నడక చాలు. కోట, మూడు లాంతర్ల కూడలి, ఎనిమిది పలకల ఘంటస్తంభం, గురజాడ ఉన్న ఇల్లు, అన్నీ దగ్గర దగ్గరే. మేం వెళ్లినప్పుడు స్టేషన్ నుంచి కోటకి ఆటో 80 రూపాయలు, టిఫిను మనిషికి 70 అయ్యాయి. వాటికి పేరుపెట్టడానికేం లేదు. బాధంతా బస దగ్గరే.

"పాత మండువా ఇల్లు, టేకు స్తంభాలు" అని ఫొటోలు పెట్టి రాత్రికి 2,400 తీసుకున్నారు. మండువా అంటే ఇంటి నడిమధ్య పైకప్పు లేకుండా వదిలిన చోటు. స్తంభాలు నిజంగా బంగారంలాంటివి. గోడల్నే నాశనం చేశారు. గానుగలో నూరిన సున్నంతో కట్టిన రెండడుగుల గోడ అది. నేలలోని చెమ్మ అలాంటి గోడలోకి ఎప్పుడూ ఎక్కుతుంది, సున్నం దాన్ని ఆపకుండా గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూసి, లప్పం పెట్టి, ప్లాస్టిక్ పెయింటు కొట్టారు. దారి మూసుకుపోయిన చెమ్మ పైకి పాకింది. మంచం వెనక నడుమెత్తు దాకా పెయింటు బుడగలే. గోటితో గీకితే తెల్లటి ఉప్పు, దాని వెనకాల ఇటుక ఎర్రటి పొడై రాలింది. గోడ పూర్తిగా చవుడెక్కిపోయింది.

రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు కాబట్టి అరుగుకున్న మూడు మెట్లలో పైకి కనిపించేది ఒకటే. మండువాలో పడ్డ వాన నీళ్లు పోయే తూమునీ టైల్స్ కింద కప్పేశారు. ఇంక నీళ్లెటు పోతాయి?

"మొన్ననే రంగులేసినామండి, చెమ్మేటండి!" అన్నాడు అక్కడ పనిచేసే కుర్రాడు. మాతో వచ్చిన అత్తయ్యకి రాత్రంతా దగ్గు, పొద్దున్న ఎవరితోనూ మాట్లాడలేదు. మేడ మీద గదికి మారుస్తూ ఇంకో 300 వేశారు. ఇది అన్యాయం.

ఇలాంటి చోట బుక్ చేసేముందు మంచం వెనక గోడ, కింది మూడడుగులు, పగటి వెలుగులో ఫొటో అడగండి. రోడ్డు నుంచి గుమ్మానికి ఎన్ని మెట్లో అడగండి. వెళ్లాక గోడ తట్టండి, డొల్లగా మోగితే పూత వదిలేసినట్టే. ఫాల్స్ సీలింగ్ ఉన్న గది వద్దే వద్దు, పైన దూలాల చివర్లు గోడలో పుచ్చినా కనపడవు.

ఇళ్లవాళ్లకి ఒక మాట. సిమెంటును మెషీన్‌తో కొట్టిస్తే ఇటుక ముఖం ఊడొస్తుంది, ఉలితో చేత్తోనే తీయించండి. ఒక వేసవి గోడను ఆరనివ్వండి. తర్వాత ఒక పాలు నానిన సున్నం, మూడు పాళ్లు ఇసుక, వీలైతే కొంత ఇటుక పొడి కలిపి పలుచటి పొరలుగా పూయించి, కనీసం వారం తడి ఆరకుండా చూసుకోవాలి. పైన వెల్ల మాత్రమే వేయాలి. పని నెమ్మది, కూలీ ఎక్కువ, కానీ ఇల్లు దక్కుతుంది.

2020లో మూడు లాంతర్ల స్తంభం పోయింది, కోటలోని మోతీ మహల్ పోయింది. కూల్చేస్తే నలుగురూ అడిగారు. గోడ లోపల్లోపల పొడై పోతుంటే ఎవరూ అడగడం లేదు, నాకు ఎక్కువ బెంగ ఇలాంటి ఇళ్ల గురించే.

1885 నాటి ఘంటస్తంభం చూడాలంటే కొట్లు తీయకముందు, ఆరింటికల్లా వెళ్లండి. కింది నుంచి పై దాకా అప్పుడే కనిపిస్తుంది.