చెసెనాటికోలో వారం రోజులు: మూడు పూటలా వండిపెట్టే హోటల్

రెండేళ్ళ కిందట ఇటలీ సముద్రానికి మొదటిసారి వెళ్ళినప్పుడు, వెనిస్ పక్కనున్న లీదో ది యేజోలోలో వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. డబ్బు మిగిలిన మాట నిజమే. కానీ మేముండే మ్యూనిక్‌లో వండే పప్పే అక్కడా వండాను, ఇక్కడ తోమే గిన్నెలే అక్కడా తోమాను. ఈసారి అమలాపురం నుంచి అత్తయ్య కూడా వచ్చారు కాబట్టి మావారికి ముందే చెప్పేశాను, వారం పాటు గరిటె ముట్టుకోనని.

అలా రవెన్నాకీ రిమినీకీ మధ్యనున్న చెసెనాటికోలో ఒక మూడు నక్షత్రాల హోటల్ దొరికింది. రొమాన్యా అనే ఈ ప్రాంతపు తీరంలో ఇలాంటివి వీధికి పది. తల్లి కౌంటర్లో, కొడుకు వంటింట్లో, కోడలు భోజనాల గదిలో. మ్యూనిక్ ఉన్న మా బవేరియా రాష్ట్రంలో పెంతెకొస్తు పండక్కి బడులకు రెండు వారాల సెలవులు కాబట్టి జూన్‌లోనే వెళ్ళాం. ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండగ చుట్టుపక్కల రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఇసుకలో కాలు పెట్టడానికి చోటూ ఉండదు.

ముందు గది సంగతి. చిన్నది. పెద్దవాడి మంచం వేశాక చిన్నదాని ఊయల మంచం పట్టడానికి సూట్‌కేసులు బాల్కనీలోకి వెళ్ళాల్సి వచ్చింది. అత్తయ్య గది ఎదురుగానే ఇచ్చారు. వచ్చిన మొదటి గంటలో ఆవిడ స్నానాల గదిలోంచి బయటికొచ్చి, "అమ్మాయ్, వీళ్ళు మనవాళ్ళే" అన్నారు. సంగతేమిటంటే బిడే, అంటే దొడ్డికెళ్ళాక నీళ్ళతో కడుక్కోవడానికి పెట్టిన తొట్టి! 1975లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఇటలీలో ప్రతి ఇంట్లోనూ కనీసం ఒక స్నానాల గదిలో అది ఉండి తీరాలి. మ్యూనిక్‌లో మూడు వారాలుగా ప్లాస్టిక్ మగ్గుతో సర్దుకుంటున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. హోటల్‌కి అత్తయ్య వేసిన మార్కుల్లో సగం అక్కడే పడిపోయాయి.

అసలు మార్కులు వెయ్యాల్సింది భోజనాల గదికి. ఫుల్ బోర్డు తీసుకున్నాం, అంటే మూడు పూటలూ. చేరిన రోజు ఏ బల్ల ఇచ్చారో వారమంతా అదే మన బల్ల. మధ్యాహ్నం పన్నెండున్నరకి, రాత్రి ఏడున్నరకి వడ్డన. ఆలస్యంగా వెళ్తే ఆ కోడలు ఏమీ అనదు, కానీ చూసే చూపు ఉంటుంది. రేపటికి ఏం కావాలో ముందురోజే కార్డు మీద సున్నా చుట్టి ఇవ్వాలి. నీళ్ళ సీసాకి మాత్రం వేరే డబ్బులు. సగం తాగి లేస్తే దానిమీద గది నంబరు వేసి దాచి, రాత్రికి అదే సీసా తెచ్చి పెడతారు. మొదట పిసినారితనం అనుకున్నాను. మూడో రోజుకి మా సీసా కనబడకపోతే నేనే అడుగుతున్నాను.

శాకాహారులకి ఎలా ఉంటుందంటే, అడిగి తింటే ఇబ్బంది లేదు. అడక్కపోతే ఉంది. పసాతెల్లి అని అక్కడి పేరున్న వంటకం, చూడ్డానికి సేమ్యా పులుసులా ఉంటుంది, ఆ పులుసు మాంసం ఉడికించినది. మన మైదా రొట్టెలాంటి పియదీనాలో పంది కొవ్వు కలపడం పాత అలవాటు. నూనెతో చేసినదేనా అని కొట్టులో అడిగి తీసుకోవాలి. అడిగిన చోటల్లా విసుక్కోకుండా చెప్పారు. పార్మెజాన్ జున్నులో పాలు విరగడానికి వేసే, దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ ఉంటుందని నేను చెప్పినప్పట్నుంచీ అత్తయ్య దాన్ని పక్కన పెట్టేశారు. ఆవిడకి దొరికిన దారి 'రీజో ఇన్ బియాంకో', అంటే ఉత్త తెల్లన్నం. సూపర్‌మార్కెట్లో కొన్న చప్పటి పెరుగు, ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ తోడయ్యాక ఇంకేం కావాలి? మూడో రోజు ఆ కోడలు నన్ను పక్కకి పిలిచి, మీ అత్తగారికి కడుపు బాగాలేదా, డాక్టర్ని పిలవమంటారా అని అడిగింది. అక్కడ కడుపు చెడినవాళ్ళకి పెట్టే పథ్యం అదేనట.

సముద్రం గురించి ఫొటోలు చూసి మోసపోకండి. నీలంగా మెరిసే నీళ్ళు కావాలంటే సార్డీనియా దీవికి వెళ్ళాలి. ఇక్కడ నీళ్ళు కాస్త మడ్డిగానే ఉంటాయి. అయితే చాలా దూరం నడిచినా నడుం దాటవు, అడుగున మెత్తటి ఇసుక. మూడేళ్ళ పిల్ల ఉన్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి. ఒడ్డంతా 'బాన్యో' అనే ముక్కలుగా పంచి ఉంటుంది, వరసల్లో గొడుగులు, పడక కుర్చీలు. ముందు వరసకి ధర ఎక్కువ. గొడుగు అద్దె హోటల్ లెక్కలో ఉందో లేదో బుక్ చేసేటప్పుడే కనుక్కోండి. మాకు మూడో వరసలో వచ్చింది.

ఒక మధ్యాహ్నం "కొక్కో బెల్లో" అని అరుస్తూ ఒకతను బకెట్టుతో వెళ్ళాడు. అత్తయ్య చప్పున లేచి కూర్చుని, "కొబ్బరీ బెల్లమూనా?" అన్నారు. కొబ్బరే, బెల్లం లేదు. 'బెల్లో' అంటే బాగున్నది అని. వేలెడంత ముక్క ధర రూపాయల్లో చెప్పాక, కోనసీమ మనిషి చాలాసేపు మాట్లాడలేదు.

హోటల్ ఈతకొలనులో తలకి టోపీ లేకుండా దిగనివ్వరు, గుండు చేయించుకున్నవాళ్ళకీ మినహాయింపు లేదు. మావారే సాక్ష్యం. రాత్రి తొమ్మిదికి కొలను పక్కనే పిల్లల డ్యాన్సు. మా పెద్దవాడు దానికోసమే పగలంతా ఎదురుచూసేవాడు. కానీ పాటలు పదకొండు దాకా మోగేవి, మా గది కిటికీ సరిగ్గా స్పీకరు మీదికి. మార్చమంటే నవ్వుతూ చూస్తామన్నారు, చూస్తూనే ఉన్నారు, వారం అయిపోయింది. నాకు కోపం వచ్చింది ఇక్కడొక్కచోటే.

ఊరి మధ్యనున్న కాలవ మాత్రం తప్పక చూడాలి. 1502లో లియొనార్డో డా విన్చీ ఈ రేవుని కొలిచి బొమ్మ గీశాడు. ఇప్పుడు అందులో రంగురంగుల తెరచాపల పాత పడవల్ని మ్యూజియంగా నిలిపారు. సాయంత్రం కాలవ ఒడ్డున నడక ఎన్నిసార్లయినా చెయ్యొచ్చు. రవెన్నాకి ఒక పూట వెళ్ళొచ్చాం. గల్లా ప్లచీదియా అనే రోమన్ రాణి పేరున్న సమాధి మందిరం కప్పులో నీలం మీద బంగారు చుక్కల మొజాయిక్కు, అంటే చిన్నచిన్న రంగు ముక్కలు అతికిన బొమ్మ, ఉంది. పెద్దవాడు మెడ వాల్చి లెక్కపెట్టడం మొదలెట్టి, పూర్తికాకముందే బయటికి పంపేశారని గొడవ చేశాడు.

వెనిస్ చూడాలనుంటే యేజోలోనే నయం, మ్యూనిక్ నుంచి దూరమూ తక్కువ. చెసెనాటికో దారిలో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని బ్రెన్నర్ కనుమ దగ్గర ట్రాఫిక్‌లో రెండు గంటలు పోయాయి. ఆస్ట్రియా హైవేల కోసం కొనే స్టిక్కరు కాక అక్కడ విడిగా టోల్ కూడా కట్టాలి. కానీ పెద్దవాళ్ళూ పసిపిల్లలూ ఉన్న ఇంటికి, వండి పెట్టే చెయ్యి వేరే ఉండాలనుకునే ఇల్లాలికి, నేనైతే రొమాన్యానే చెప్తాను.

వచ్చేరోజు బిల్లులో ఊరి పన్ను విడిగా ఉంది, మనిషికి రాత్రికి ఇంత అని. నీళ్ళ సీసాలు తొమ్మిది రాశారు. కార్డులో లేని ఆ తెల్లన్నానికి మాత్రం ఏమీ వెయ్యలేదు. వచ్చే జూన్‌కి వెనకవైపు గది కావాలని అప్పుడే చెప్పి వచ్చాం.