నల్లగొండ షెడ్డులో అంబాసిడర్‌కు ఫ్లోర్ గేరు: రేకు పనికి మంచి మార్కులు, మిగతా పనికి అన్ని పడవు

మా నాన్నగారు 1986లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 కారుకు స్టీరింగు పక్కన ఉండే హ్యాండ్ గేరును తీసేసి, ఇసుజు ఇంజనుతో పాటు దాని అయిదు గేర్ల గేరుబాక్సును అమర్చి, గేరు రాడ్డును ఫ్లోరు మీదికి తెచ్చే పనిని నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఉన్న ఒక షెడ్డులో చేయించాను. షెడ్డుకు బోర్డు లేదు. ముందర తుప్పుపట్టిన లారీ క్యాబిన్, వెనక వేపచెట్టు, అవే గుర్తులు. పదిహేను రోజులన్న పని 33 రోజులు పట్టింది. రేకు పనికి, వెల్డింగుకు కలిపి 26,000 రూపాయలు, గేరుబాక్సు నుంచి వెనక చక్రాల వైపు తిప్పుడును చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టుకు 7,500 రూపాయలు తీసుకున్నారు. ఇంజను, గేరుబాక్సు నేను విడిగా కొని తెచ్చుకున్నవి కాబట్టి ఆ లెక్క ఇందులో లేదు.

ఇంజను మార్పిడి గురించి ఎవరిని కదిలించినా గంటసేపు చెబుతారు, ఫ్లోరు సంగతి వచ్చేసరికి మాత్రం ఒక బొక్క కొడితే అయిపోతుందని తేల్చేస్తారు. ఆ మాట ఎంత తప్పో ఈ నెల రోజుల్లో దగ్గరుండి చూశాను. హ్యాండ్ గేరు కారులో రాడ్లు స్టీరింగు గొట్టం వెంట దిగి ఇంజను గదిలో నుంచే గేరుబాక్సు పక్కకు చేరుకుంటాయి కాబట్టి ఫ్లోరుకు వాటితో పని ఉండదు. ముందు సీటు ఒకటే బెంచీగా ఉండి, పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు డ్రైవరు పక్కన ఇద్దరు పెద్దవాళ్లు, ఒళ్లో ఒక పిల్లవాడు సర్దుకునే వీలు కలిగింది అందువల్లనే. ఇసుజు గేరుబాక్సులో రాడ్డు వెనక భాగం పైనుంచి నేరుగా లేస్తుంది. హిందుస్థాన్ మోటార్స్ వారే తరువాతి కాలంలో 1,817 సీసీ ఇసుజు ఇంజనుతో తెచ్చిన అంబాసిడర్ 1800లో ఫ్లోర్ గేరు, విడి సీట్లు ఇచ్చారు కాబట్టి ఈ మార్పు ఆ కారుకు పరాయిదేమీ కాదు. అయితే 1,489 సీసీ ఇంజనుతో వచ్చిన పాత కారు ఫ్లోరును ఆ గేరుబాక్సును దృష్టిలో పెట్టుకుని ఒత్తలేదు.

అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు రేకు, పక్క పట్టీలు, అడ్డ బీములు కలిసి బరువు మోస్తాయి. పైగా ముందు చక్రాల సస్పెన్షనుకు స్ప్రింగుల బదులు మెలితిరుగుతూ బరువు మోసే పొడవాటి ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు ఉంటాయి; అవి ఫ్లోరు కింద వెనక్కి సాగి అడ్డ బీముకు బిగిసి, కారు ముందు బరువునంతా మెలిక రూపంలో ఆ బీము మీదికి పంపిస్తాయి. గేరుబాక్సుకు దారి చేస్తున్నామని గ్రైండరు ఆ బీము దాకా వెళ్లిందంటే ముందు చక్రాల ఎత్తు, దిశ రెండూ తప్పుతాయి. అందుకే ఈ పని చేసేవారిని ఎంచుకునే ముందు నేను అడిగిన మొదటి ప్రశ్న ఎంత అవుతుందని కాదు, ఎక్కడ కోయకూడదని. ఇద్దరు సరిగా చెప్పలేకపోయారు. మూడో మెకానిక్కు ఏకంగా గేరుబాక్సు వెనక భాగాన్ని రెండు అంగుళాలు కిందికి దింపి మౌంటింగు కింద చెక్క ముక్క పెడితే ఫ్లోరును తాకే అవసరమే లేదని సలహా ఇచ్చాడు. అలా చేస్తే గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు, వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌లోకి వెళ్లే షాఫ్టు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. వాటిని కలిపే యూ జాయింట్లలో కోణాలు సరిపోక, వేగం పెరిగేకొద్దీ కారు అడుగు నుంచి వణుకు పుడుతుంది, కొన్నాళ్లకు ఆ జాయింట్లలోని క్రాసులు అరిగిపోతాయి.

దేవరకొండ రోడ్డు షెడ్డు ఉస్తాద్ ఈ విషయాన్ని తన మాటల్లో ఇంకా బాగా చెప్పారు: "ముందుగాల డబ్బ కూసోవాలె సార్, రేకు దాని ఎంబడి నడుస్తది." డబ్బ అంటే గేరుబాక్సు. ఆ మాట ప్రకారమే చేశారు. లోపలి పళ్లన్నీ తీసేసిన ఖాళీ గేరుబాక్సు డొల్లను ఇంజనుకు బిగించి, రెండింటినీ కలిపి కారులో కూర్చోబెట్టి, వెనక భాగాన్ని జాకీ మీద పైకి, కిందికి జరుపుతూ షాఫ్టుల కోణం చూశారు. వారి దగ్గర ఉన్నది తాపీ మేస్త్రీలు వాడే మట్టపు బద్ద, ఒక బడిపిల్లల కోణమానిని. నా ఫోనులోని కొలతతో పోల్చి చూస్తే తేడా అర డిగ్రీ కూడా లేదు. జాకీ ఆగిన ఎత్తులో గేరుబాక్సు ఫ్లోరుకు ఎక్కడెక్కడ తగులుతుందో సుద్దముక్కతో గీసి, అట్టపెట్టె చించి అచ్చు తీసి, ఆ తరువాతే గ్రైండరు ముట్టుకున్నారు. మొదటి కోత అరచేతి వెడల్పుకు మించలేదు. పెట్టి చూడటం, తగిలిన చోట మరో అర అంగుళం కోయడం, మళ్లీ పెట్టి చూడటం, ఇలా రెండు రోజులు నడిచింది. ఇంజను మౌంటింగుల రబ్బరు మీద ఊగుతుంది కాబట్టి గేరుబాక్సు చుట్టూ ఒక వేలు దూరేంత ఖాళీ ఉంచాలని పట్టుబట్టారు. ఆ ఖాళీ లేకపోతే క్లచ్చు వదిలిన ప్రతిసారీ డబ్బా రేకును కొడుతుంది.

1960ల చివర్లో అమెరికాలో క్రిస్లర్ సంస్థ తయారుచేసిన మసిల్ కార్లలో, అంటే పెద్ద ఇంజను వేసిన వేగపు కార్లలో, కూడా ఇదే తంతు నడిచింది. నాలుగు గేర్ల మాన్యువల్ బాక్సు వేసే కార్లకు ఫ్యాక్టరీలోనే ఫ్లోరును కోసి, గేరు లింకేజీ పట్టేలా పైన ఒక ఉబ్బెత్తు రేకును వెల్డు చేసేవారు. ఆటోమేటిక్ గేరుతో వచ్చిన అలాంటి కారును మాన్యువల్‌కు మార్చుకునేవారు నేటికీ ఆ ఉబ్బు రేకును విడిగా కొని వెల్డు చేయించుకుంటారు. మనకు అలాంటి తయారు రేకు దొరకదు. ఇక్కడ దాన్ని 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు రేకుతో మూడు ముక్కలుగా మడిచి, ఇసుక సంచి మీద సుత్తితో కొట్టి వంపు తెచ్చారు. కుడివైపు ముక్క, క్లచ్చు పక్కన పాదం ఆనే చోట, చేత్తో తడిమితే ఎగుడుదిగుళ్లు తెలుస్తాయి. కంటికి ఆనవు.

వెల్డింగు విషయంలో నాకు ఒక్క వంక కూడా దొరకలేదు. గ్యాస్ వెల్డింగు వేడికి పలుచని రేకు వంకర పోతుందని కార్బన్ డయాక్సైడ్ వాయువు చాటున కరెంటుతో తీగను కరిగించే సీఓటూ వెల్డింగే వాడారు. అదీ ఒకే గీతగా లాగకుండా, అంగుళం ఇక్కడ, అంగుళం ఎదురు మూలన వేసుకుంటూ, మధ్యలో చల్లారనిచ్చారు. అంతకు ముందే బ్యాటరీ వైర్లు విప్పి, పెట్రోలు పైపును, బ్రేకు పైపును పక్కకు జరిపి, తడి గోనెసంచులు, నీళ్ల బకెట్టు సిద్ధంగా పెట్టుకున్నారు. కోసిన అంచుల కింద అటూ ఇటూ 16 గేజి పట్టీలు వేసి, పోయిన బలాన్ని తిరిగి తెచ్చారు. కోతకు ముందు, వెల్డింగు తరువాత నాలుగు తలుపుల సందులనూ కొలిచి నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండు లెక్కలకూ తేడా రాలేదు. రబ్బరు మ్యాటు కింద ఇన్నేళ్లు నీరు నిలిచి తిన్న మరో రెండు చోట్లను కూడా అడగకుండానే కోసి కొత్త రేకు వేశారు, దానికి వేరుగా డబ్బు అడగలేదు.

ఒక చోట మాత్రం తొందరపడ్డారు. బెంచీ బదులు వేయాల్సిన విడి సీట్లు అప్పటికి రాలేదు, అయినా గేరు రాడ్డు రంధ్రాన్ని పాత బెంచీ సీటు కొలతకు కోసేశారు. సీట్లు బిగించాక చూస్తే రెండో గేరులోనూ నాలుగో గేరులోనూ నా వేళ్లు సీటు అంచుకు రాసుకుపోయాయి. రాడ్డును వేడిచేసి ముందుకు వంచి సరిచేశారు. పని గడిచింది, కానీ రాడ్డు ఇప్పుడు కొంచెం గూనిగా కనిపిస్తుంది. ఈ మార్పు చేయించుకునేవారు సీట్లను ముందే తెచ్చి షెడ్డులో పడేయడం మంచిది.

అసలు ఫిర్యాదు సీలింగు గురించి. వెల్డింగు అతుకుల మీద ఎపాక్సీ ప్రైమరు కొట్టారు, కింద నల్ల అండర్ కోటింగు కూడా వేశారు, అయితే లోపలి వైపు అతుకులకు సీలెంటు పూయడం మరిచారు. మొదటి గట్టి వానకు ఎడమవైపు మ్యాటు తడిసింది. రాడ్డు చుట్టూ వేసిన రబ్బరు తొడుగు ఏదో ట్రాక్టరుదిలా ఉంది, దాని సందుల్లో నుంచి ఇంజను వేడి నేరుగా మోకాళ్లకు తగులుతుంది. నల్లగొండ మే నెల ఎండలో ఆ వేడి అదనం అక్కర్లేదు. గేరుబాక్సు మీది ఉబ్బుకు లోపలి నుంచి వేడిని ఆపే షీటు వేయమని నేను చెప్పి ఉండాల్సింది, వారూ గుర్తుచేసి ఉండాల్సింది. తిరిగి తీసుకువెళ్తే సీలెంటు ఊరికే పూశారు, షీటుకు మాత్రం 1,800 రూపాయలు పడింది. వైరింగును మరో చోట చేయించుకున్నాను, దాని గురించి చెప్పేంత ఏమీ లేదు.

బండి చేతికి వచ్చిన వారానికి నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద మిర్యాలగూడ దాకా తీసుకువెళ్లాను. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర అయిదో గేరులో ఇంజను చప్పుడు తగ్గి, పాత గేరుబాక్సు రోజుల్లో ఆ వేగం వద్ద వినిపించే మూలుగు పోయింది. నేను చెవులు రిక్కించి ఎదురుచూసిన అడుగు వణుకు రాలేదు. షాఫ్టును కొత్త పొడవుకు కోసి వెల్డు చేశాక బ్యాలెన్సింగుకు హైదరాబాదు పంపించి తెప్పించడం వల్ల నాలుగు రోజులు ఆలస్యమైందని అప్పట్లో విసుక్కున్నాను, ఆ ప్రయాణంలో ఆ విసుగు పోయింది. స్పీడోమీటరు మాత్రం ఫోను చూపే వేగం కన్నా బాగా తక్కువ చూపిస్తోంది. కేబులు తిప్పే పళ్ల చక్రం కొత్త గేరుబాక్సుది కావడంతో మీటరుకు, దానికి లెక్క కుదరలేదు.

కాగితాల విషయం షెడ్డు చూసుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, కొత్త ఇంజను నంబరు ఆర్సీలోకి ఎక్కాలి. మార్చి వేసిన ఇంజను ఎక్కడి నుంచి వచ్చిందో చూపే రసీదు లేకుండా ఆ మెట్టు దాటడం కష్టం.

ఉస్తాద్ ఒకసారికి ఒక్క కారు ఫ్లోరే విప్పుతారు కాబట్టి నెల ముందు మాట్లాడుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది. కోసిన పాత రేకు ముక్కలను, హ్యాండ్ గేరు రాడ్లను, లింకులను ఒక గోనెసంచిలో కట్టి డిక్కీలో పెట్టి ఇచ్చారు. నాన్నగారు ఆ సంచిని ఇంకా దింపనివ్వలేదు.